కమ్లి దాచుకున్న ఏడుపు

లంబాడీ ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిస్తే ముందు పలకరించుకోరు. ఒకరి మెడ ఒకరు చుట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను, పడ్డ కష్టాలను ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అది ముగిసేదాకా చేతులు విడిపించుకోకూడదు. విడిపించుకుంటే పోయినవాళ్లను తోసేసినట్టే. కమ్లి మాత్రం ఏడేళ్లుగా ఎవరి మెడా పట్టుకోలేదు.

ఎనభై ఆరు వేసవిలో నేరేడుచర్ల పక్కన వాళ్ల తండా తగలబడింది. పిల్లకాలువ నీళ్లొచ్చాక ఆ భూములు తనవేనని వెంకటేశ్వర్లు పటేలు అప్పటికే రెండుసార్లు బెదిరించిపోయాడు. ముప్పై గుడిసెలు బూడిదయ్యాయి. కమ్లి నాలుగేళ్ల కూతురు సుక్కి లోపలే ఉండిపోయింది. కమ్లి పొయ్యిలోంచి రవ్వ లేచిందని పటేలు మనుషులు చెప్పారు. పోలీసులు అదే రాసుకున్నారు. సూర్యాపేటకీ, కోదాడకీ, మిర్యాలగూడకీ చెదిరిపోయిన తండావాళ్లలో సగం మంది అదే నమ్మారు.

సూర్యాపేట టీచరు దామోదర్ ఆదివారాలు వాళ్లను కూడేసి, వాళ్ల కథనే నాటకంగా ఆడించేవాడు. ఇంట్లో నోరు విప్పని తండావాడు మంగ్త్యా, వేషం కట్టాక గుడిసె కాలిన సంగతంతా చెప్పి, ఆ వారం తాగకుండా ఉన్నాడు. కమ్లికీ మేలు జరుగుతుందని దామోదర్ ఆశ.

"బిడ్డ పోయిన తల్లి వేషం నువ్వే కట్టాలె కమ్లీ."

"కడ్త సారూ. ఏడ్వమంటె మాత్రం నాతోని కాదు."

"ఏడ్వని తల్లి ఏం తల్లే?" అక్క మంగ్లీ ఎత్తిపొడిచింది.

"నా ఏడుపు ఒకనికి దాసిపెట్టిన. వాడొచ్చిన్నాడు సూడు."

తొంభై మూడులో ఆ రోజు వచ్చింది. ఎలక్షన్‌లో నిలబడాలని చూస్తున్న పటేలుకు తండాల ఓట్లు కావాలి. మిర్యాలగూడలో రైస్‌మిల్లు కళ్లంలో నాటకమంటే, ముఖ్య అతిథిగా వస్తానని తనే కబురు పంపాడు.

"పటేలు పేరెత్తకు కమ్లీ, నాటకం ఆపేస్తరు," అన్నాడు దామోదర్ భయపడుతూ.

"పేరెందుకు సారూ, మనిషే వస్తుండు గదా."

ఎండ ఇంకా దిగలేదు. తల్లి వేషంలో వచ్చిన కమ్లి స్టేజీ దిగింది. ముందు వరుసలోకి నడిచి, పూలదండతో కూర్చున్న పటేలు మెడ చుట్టూ చేతులు వేసింది. లంబాడీలో రాగం తీసింది. పటేలు ఫోటో తీయమని సైగ చేశాడు.

"తండా ఆడోళ్లకు మనమంటె ఎంత ప్రేమ, ఎంత పావురమో సూడుండ్రి!"

రాగం మారలేదు. రెండో చరణానికి భాష మారింది. అతనికి ఒక్క ముక్కా పోకుండా తెలుగులో అందుకుంది.

"ఆ పొద్దు నేను పొయ్యే ముట్టియ్యలే పటేలా, ఇంట్ల పిండి లేకుండె. సుక్కికి నిన్నటి రొట్టె పెట్టి కట్టెలకు పోయిన పటేలా. గుట్ట మీదికెళ్లి సూసిన. తూము కాడ నీ జీపు ఆగుండె, నీ జీతగాడు గ్యాస్‌నూనె డబ్బా దించుతుండె. నువ్వు చుట్ట తాక్కుంట నిలవడ్డవ్ పటేలా. నేను ఉరికొచ్చేటాళ్లకు నా సుక్కి 'యాడీ, అమ్మా' అని పిలుసుడు బంద్ చేసింది పటేలా!"

పటేలు లేవబోయాడు. ఆమె చేతులు బిగిశాయి. చుట్టూ వందలమంది తండావాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆ చేతులు తోసేస్తే ఒక్క ఓటూ పడదని అతనికి తెలుసు. కూలబడ్డాడు. కమ్లి మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అట్లా మూడుసార్లు. వదిలేసరికి దండ నలిగి పీచైంది. కుర్చీ కింద ఒక చెప్పు వదిలేసి జీపెక్కాడు.

మంగ్లీ ఉరికొచ్చింది. "నీ పొయ్యే అనుకున్న బాయీ," అంటూ చెల్లెలి మెడ చుట్టుకుంది. ఈసారి కమ్లి కాదనలేదు. తమ భాషలో, సుక్కి పేరెత్తి, అక్కతో కలిసి ఏడ్చింది. ముగిశాక కళ్లు తుడుచుకుని దామోదర్ వైపు తిరిగింది.

"సారూ, కోదాడల వాని వియ్యంకులున్నరు. సూర్యాపేటల తమ్ముడున్నడు. గాడ ఎన్నడు ఆడుదం?"

ఆయన తారీఖు చెప్పేదాకా ఆమె వేషం విప్పలేదు.