పొయ్యిలో ఉలవలు

మహబూబ్‌నగర్ దగ్గర మేము తవ్విన దిబ్బలో ఒక పాత పొయ్యి బయటపడింది. అందులో బొగ్గు, మాడిన ఉలవలు. రెండింటినీ వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు పంపాం. బొగ్గు చాలా పాతదని వచ్చింది. ఉలవలు దానికంటే రెండు వందల ఏళ్ల తర్వాతివని తేలింది.

నా పరిశోధనకు గైడ్‌గా ఉన్న సారుకు బొగ్గే నచ్చింది. రాష్ట్రం వచ్చాక ప్రతి ఊరికీ తానే అన్నిటికంటే పాతదాన్నని చెప్పుకోవాలనే ఉబలాటం. సారూ ఆ సంబరంలోనే ఉన్నారు.

"ఉలవలు పై పొరలోంచి ఎలుక బొరియ గుండా కిందికి జారి ఉంటాయి. వాటిని లెక్కలోంచి తీసెయ్యమ్మా," అన్నారు.

నా థీసిస్ మీద ఆయన సంతకం పడాలి. దాచుకోవడమెందుకు, తీసేద్దామనే అనుకున్నాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లాను. కూలగొట్టిన మా పాత ఇంటి దూలాన్ని ముక్కలు చేసి అమ్మ పొయ్యిలో పెడుతోంది. నేను అలాగే చూస్తూ నిలబడ్డాను.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా? గీ దూలం మీ తాత పుట్టకముందుది."

"మరి అన్నం?"

"పిచ్చి గిట్ల పట్టిందా? అన్నం గిప్పటిదే. జర పక్కకు జరుగు, పొగొస్తాంది."

బొగ్గు చెప్పేది చెట్టు పెరిగిన కాలం, పొయ్యి వెలిగిన కాలం కాదు. గింజకు ఒక్క పంట వయసే. పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో, అయినా తీసేద్దామనుకున్నానే!

తిరిగొచ్చి లెక్క మళ్లీ కట్టాను. కింది పొర ముందుది, పై పొర తర్వాతిది అని కంప్యూటర్‌కు చెప్పాను. బొగ్గు మంటకంటే పాతదై ఉండొచ్చనీ చెప్పాను. అది వేలసార్లు లెక్క వేసి చూసింది. ఉలవలు ఎక్కడా అడ్డం తిరగలేదు. పొయ్యి కింది నేలలో దొరికి, విడిగా పరీక్షకు పంపిన గింజలు కూడా బొగ్గుకంటే తర్వాతివే. కింది నేలకంటే దాని మీది పొయ్యి పాతదెలా అవుతుంది?

నాకు ఒళ్లు మండింది. రెండు వందల ఏళ్లు తగ్గితే మా పాలమూరు పరువేం పోదు. లేని వయసు అతికించుకుంటేనే పోతుంది. ఉలవలతో సహా అధ్యాయం రాసి సారు బల్ల మీద పెట్టాను.

ఆయన కాగితాలు తిప్పి చూశారు. కలం చేతిలోనే ఉంది.

"నీకు సంతకం కావాలా, ఉలవలు కావాలా?"

"ఉలవలే సార్."

కలానికి మూత పెట్టేశారు. నేను కాగితాలు తీసుకుని బయటికొచ్చి బస్సెక్కాను. సంతకం ఇంకా పడలేదు. ఉలవలు మాత్రం ఆ అధ్యాయంలోనే ఉన్నాయి.