మా ఆయన విప్పిన ఇంజన్

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరులో మాకు కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. గోడకు ఇటు ఇల్లు, అటు షెడ్డు. మా ఆయన పోయేనాటికి అందులో ఒక విలాయతి కారు ఇంజన్ పూర్తిగా విప్పి ఉంది. యుద్ధానికి ముందు వచ్చిన బండి. జమ్మలమడుగు డాక్టరుగారిది. మా ఆయన ఊపిరితిత్తుల జబ్బుకు మందిచ్చిందీ ఆయనే.

పెద్దకర్మ అయిన వారానికి మా మరిది షెడ్డు తలుపు తీశాడు. అతను లారీ డ్రైవరు. మరమ్మతు పని తెలియదు.

"వదినా, ఇదంతా ఎద్దులబండి మీదేసి డాక్టరుకు పంపిచ్చేద్దాం. మనతో అయ్యేది కాదు" అన్నాడు.

నాపరాయి బండ మీద పాత చీర పరిచి, భాగాలన్నీ వరసగా పెట్టి పోయాడు మా ఆయన. నాలుగు పిస్టన్లు, ఎనిమిది వాల్వులు, డబ్బాల్లో బోల్టులు. ప్రతి దాని మీదా గ్రీజులో ఆయన వేలిముద్రలు. బొటనవేలి మీది కోత గాటు కూడా కనిపిస్తూనే ఉంది.

"నేను బిగిస్తా" అన్నాను.

"నువ్వా? జనం ఏమంటారో తెల్సునా?"

"అననీలే. నువ్వు బరువులు ఎత్తు, చాలు."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆ ముద్రలు ఊళ్లు దాటి పోతాయని కాబోలు. కానీ బిగించాలంటే ముందు ప్రతిదీ కిరసనాయిలులో కడగాలి. మొదటి రోజు ఏదీ ముట్టుకోలేకపోయాను. రెండో రోజు ఒక పిస్టన్ తీసుకుని తుడిచాను. ముద్ర పోయింది. తుడిచిన గుడ్డను ఉతకడానికి చేతులు రాక, మడిచి అటక మీద పెట్టాను.

బిగించడానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజు పొద్దున మరిది బండి ముందుకు వెళ్లి హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ మొదలవలేదు. కార్బరేటర్ లోంచి వెనక్కి ఖళ్ మని ఒక చప్పుడు వచ్చింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే.

గోడకు ఇవతల ఇంట్లో మా అత్త మంచాన ఉంది, చూపు లేదు. కొడుకే అనుకుని అక్కణ్ణుంచే కేక వేసింది. "ఏమ్మే, వాడు దగ్గుతాండాడు. నీళ్లియ్యిపో!"

మరిది చేతిలోని హ్యాండిల్ కింద పడింది. "నా వల్ల కాదు వదినా" అంటూ వీధిలోకి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఒక్క క్షణం నా కళ్లు నీళ్లచెంబు కోసం వెతికాయి.

మర్నాడు బతిమాలి పిలుచుకొచ్చాను. ప్లగ్గు ఊడదీసి ఇంజన్ మీద ఆనించి తిప్పించాను. నీలం నిప్పు పడుతోంది. పెట్రోలు కార్బరేటర్ దాకా వస్తోంది. వాల్వుల సందులు మళ్లీ కొలిచాను. ఎక్కడా లోపం లేదు. అయినా ఆ దగ్గే. దగ్గినప్పుడల్లా మా అత్త "నీళ్లు" అని అడిగేది. మూడో రోజు ఇంటికీ షెడ్డుకీ మధ్య తలుపు మూశాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ సాయంత్రం నాలుగు ప్లగ్గులూ తీసి, మొదటి రంధ్రం మీద బొటనవేలు పెట్టి, మరిదిని మెల్లగా తిప్పమన్నాను. ఇంజన్ చక్రం మీది గీత ఎదురుకు వచ్చింది, అంటే పిస్టన్ పైకి వచ్చినట్టు. ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో నేను కుదిర్చింది ఆ గీతను చూసే. కానీ వేలికి గాలి తగల్లేదు.

"ఇంకో చుట్టు తిప్పు" అన్నాను.

గీత మళ్లీ వచ్చే ముందు లోపలి గాలి వేలిని గట్టిగా తోసింది. మనిషి ఊపిరిలా అనిపించి చెయ్యి లాగేసుకున్నాను.

పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి గాలిని అదుముతూ, ఇంకోసారి పొగను తోసేస్తూ. నిప్పు పడాల్సింది మొదటిసారి. నేను రెండోసారికి పెట్టాను. ప్లగ్గు తీగల్లో ఒకటో దాన్ని నాలుగో దానితో, రెండో దాన్ని మూడో దానితో మార్చాను. ప్లగ్గులు బిగించాక మరిది రెండుసార్లు తిప్పేసరికి ఇంజన్ అందుకుంది. షెడ్డంతా పొగ. మధ్య తలుపు తీశాను. మా అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

కారును జమ్మలమడుగుకు మరిదే నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. డాక్టరుగారు ఇంజన్ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడి, మరిది నీళ్లకని పోయాక నాతో అన్నాడు.

"బండికి అంత చెడిందేమీ లేదమ్మా. పొగ కొంచెం ఎక్కువొచ్చేది, అంతే. ఎక్కువ దినాలు లేవని మీ ఆయనకు చెప్పిన రోజే, ఇంజన్ విప్పుతానని అడిగినాడు. 'నేను బతికుండగానే మా ఇంటామె ఒక ఇంజన్ మొత్తం చూడాల' అన్నాడు. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

ఇంజన్ విప్పిన ఆ పదిహేను రోజులూ మా ఆయన నన్ను పొయ్యి దగ్గర్నుంచి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఒక్కో భాగం చేతికిచ్చి, ఇది ఇట్లా, అది అట్లా అని చెప్పేవాడు. జబ్బు మనిషి చాదస్తం అనుకున్నాను. "నాకెందుకివన్నీ? అన్నం మాడతాంది" అని ఒకసారి కసురుకున్నాను కూడా. ఆయన తల ఎత్తకుండా ఇంకో బోల్టు విప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మరిది అడిగాడు. "ఏమన్నాడు వదినా డాక్టరు?"

"బండి బాగుందన్నాడు."

దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది నాకు. చివరి మాటలన్నీ ఇనుము గురించే మాట్లాడి పోయాడే అని.

మరుసటి నెల పులివెందుల నుంచి ఒక రైతు జీపు తెచ్చాడు. గుమ్మంలో నిలబడి, "మెకానిక్కు యాడమ్మా?" అని అడిగాడు. నేను వెనక్కి తిరిగి మా ఆయన కోసం షెడ్డు లోపలికి చూశాను.

మెకానిక్కును నేనే అయ్యాక కూడా ఆ అలవాటు పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.