చేటెడు తవుడుకి మా నాన్న

నా రాతలో తప్పులుంటే మన్నించండి... ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నలుగురి ముందు ఇలా రాయడం ఇదే మొదలు.

మా చిన్నప్పుడు... జీడిపిక్కల కాలంలో నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, వెనక బస్తా కట్టి పలాస తీసుకెళ్ళేవాడు. ఒకసారి పిక్కలు తూచే షావుకారు నాన్న పేరడిగాడు.

"తవిటయ్య బాబూ."

"తవిటయ్యేటిరా? మీ యమ్మకి తవుడు తప్ప ఇంకోటి దొరకనేదేటి?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాన్నా నవ్వాడు. నాకే ఏడుపొచ్చింది...

తిరిగొస్తూ కొబ్బరితోటల మధ్య నాన్న చెప్పాడు. తనకంటే ముందు పుట్టిన అన్నలు పురిట్లోనే పోయారట. తను పుట్టగానే నాయనమ్మ చేటలో పడుకోబెట్టి, "ఈ గుంటడు నాకొద్దు" అని పొరుగింటి గంగమ్మకి ఇచ్చేసిందట. తర్వాత చేటెడు ముతక తవుడు పోసి, ఆవిడ దగ్గర మళ్ళీ కొనుక్కుందట. తవుడుకి వచ్చిన బిడ్డ మీద దేవుడు కూడా ఆశపడడని మా వైపు నమ్మకం...

"నా కరీదు తవుడేనే అమ్మీ. అంత సౌక సరుకు దేముడికెందుకు?" అని బెల్లు కొట్టాడు నాన్న.

ఇక నాన్నకి ఎప్పుడూ ఏమీ కాదనుకున్నాను.

కొన్నేళ్ళకి నాన్న కాళ్ళు వాచాయి. టెక్కలిలో చూపిస్తే కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఇంటికొకరు ఆ జబ్బుతోనే పోయే మా ఉద్దానంలో ఆ మాట విన్నాక ఇంకేమీ అడగరు...

నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. ఓ పొద్దున నాన్నని మెల్లగా నడిపించి గంగమ్మ అరుగు మీద కూర్చోబెట్టింది. చంకలో తవుడు చేట.

"ఒలే గంగా, ఈడిని నీకిచ్చీసినాననుకో. మళ్ళీ కొనీసుకుంటాను."

"ఇంత మీసాలోడిని సేటలో ఎలాగెయ్యడమే?" అంటూనే గంగమ్మ లోపలికెళ్ళి తన చేట తెచ్చింది. నాన్న నవ్వి, వాచిన పాదాలు రెండూ అందులో పెట్టాడు. నాయనమ్మ తవుడంతా ఆవిడ కొంగులో పోసింది.

"తవుడు ముట్టీసింది. నీ గుంటడిని నువ్వట్టుకుపో" అంది గంగమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ పూట నాన్న ఓ ముద్ద ఎక్కువే తిన్నాడు...

జీడితోట మళ్ళీ పూతకి రాకముందే పోయాడు.

కర్మలయ్యాక నాయనమ్మ గంగమ్మ చేతులు పట్టుకుని బావురుమంది. "నేనే సంపీసినానే... పెళ్ళాం పిల్లలున్న కొడుకుని ఉత్తి తవుడుకెలాగ కొంతానని మనసొప్పనేదు. గుప్పెడు బియ్యం కలిపీసినాను. కరీదు పెంచీసినాను... దేముడు సూసీసినాడు."

"ఓలమ్మ, గుప్పెడు బియ్యానికేటవుద్దే?" అని గంగమ్మ ఎంత చెప్పినా వినలేదు. పోయేదాకా నాయనమ్మ మళ్ళీ బియ్యం చేట ముట్టలేదు.

ఇప్పుడు నాకో కొడుకు. అత్తగారింట్లో ఫోనులో వెతికి ఎంతో అందమైన పేరు పెట్టారు. అందరూ ముద్దుగా పిలుస్తుంటే నా గుండె జారిపోతుంది... అంత ఖరీదైన పేరు. వాడినీ ఒకసారి చేటలో వేద్దామని అడగడానికి నాకు నోరు రాలేదు.

వాడికి నీళ్ళు పోసేటప్పుడు మాత్రం చెవిలో "తవిటయ్యా" అంటాను. నమ్మకం ఉండి కాదు... అది నాన్నతోనే పోయింది. ఆ పేరు పెట్టి పిలవడానికి నాకింకెవరూ లేరు.

మా ఊళ్ళో ఇప్పుడు పిల్లలందరివీ మంచి పేర్లే. కాళ్ళ వాపులే మారలేదు...

మీ ఇళ్ళల్లో ఇలాంటి పేరుతో బతికినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి. చదువుకుంటాను. మావారి కంట పడేలోపు ఇది తీసేస్తాను... మీరూ ఎవరికీ పంపకండి. బంగారం లాంటి బిడ్డకి తవుడు పేరేమిటని మా అత్తగారు బాధపడతారు.