ఆయుధపూజకు ఆగిన ఫ్రీజర్

ఏడు నెలలు వెంటపడి నేను పట్టుకున్నది ఒక ప్రోటీన్. చెరువు నీళ్లను పచ్చగా మార్చే నాచులో, ఒక్కో కణం లోపల సరుకు నింపుకున్న బుడగలు తిరుగుతుంటాయి. ఏ బుడగ ఎక్కడ దిగాలో చూసేది ఈ ప్రోటీనే. హనుమాన్ జంక్షన్‌లో ఏ బస్సు ఎటు పోతుందో అరిచి చెప్పే మనిషి లాంటిదని ఇంట్లో చెబితే, "దీనికి పీహెచ్‌డీ ఎందుకే?" అంది అమ్మ.

విడదీసిన ప్రోటీన్‌ను చిన్న ట్యూబుల్లో పోసి, విజయవాడలో మా ల్యాబ్‌లోని మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాను. కరిగి అలాగే ఉండిపోతే పాడైపోతుంది. ఫెలోషిప్ ఇంకో మూడు నెలలే ఉంది. వాటితో చివరి ప్రయోగం చేస్తేనే థీసిస్.

దసరాకి మా ఊరు ఉయ్యూరు బయలుదేరుతుంటే మా ల్యాబ్ అటెండర్ బాబాయ్ అడిగాడు.

"రేపు మిషన్లన్నిటికీ ఆయుధపూజమ్మా. మీ ఫ్రీజర్‌కి కూడా చేసెయ్యమంటారా?"

"ముందు దానికే చెయ్యండి బాబాయ్," అన్నాను నవ్వుతూ.

పండగయ్యాక వచ్చి చూస్తే ఫ్రీజర్ తలుపుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. లోపల ట్యూబుల పెట్టె ఒరిగిపోయి ఉంది. అడుగున కారిన నీళ్లు మళ్లీ గడ్డకట్టాయి.

"పూజకి మిషన్‌ని ఆపాలి గదమ్మా. నవమి పొద్దున ఆపేసి, దశమి సాయంత్రం వేశా," అన్నాడు బాబాయ్.

మా ఇంట్లో ట్రాక్టరుకైనా అంతే. పూజయ్యాక తాళంచెవి దేవుడి దగ్గర పెట్టేస్తారు. ఇదంతా చూస్తూ పెరిగినదాన్ని, ఫ్రీజర్ దగ్గర నాకా సంగతి తట్టనే లేదు.

మర్నాడు పరీక్షించాను. ప్రోటీన్ చెక్కుచెదరకుంటే ఒక్క గీత కనబడాల్సిన చోట, అది ముక్కలైపోయి పైనుంచి కిందిదాకా మసక. ట్యూబు మార్చినా అదే మసక. మా గైడ్ సార్ చూసి, "మళ్లీ చెయ్యాల్సిందే" అన్నారు. ఏడు నెలల పనికి మిగిలింది మూడు నెలలు.

ఎవరి మీద అరవను? బాబాయ్ నన్ను అడిగే చేశాడు. ఆ ట్యూబుల్లో ఏముందో నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకు చెప్పిన పాపాన పోలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. మండి ఏం లాభం?

అప్పుడే బాబాయ్ స్టీలు డబ్బాతో వచ్చాడు.

"మీ వాటా చక్రపొంగలమ్మా. మీ ఫ్రీజర్లోనే పెడదామనుకున్నా. ఆపేశాం గదా, పాడైపోద్దని ఇంటికి పట్టుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టా."

నిజంగానే పాడవలేదు. ఏడుపు దిగమింగుకుని, ఆయన ముందే నిలబడి అంతా తిన్నాను.