అన్న వచ్చిన పెట్టె

ఈ ఉదయం ఏడుంపావుకు పాత సామాన్లవాడు మా వసారాలోని పొడవాటి చెక్కపెట్టెను తోపుడుబండి మీదికి ఎక్కించుకున్నాడు. ఇందులో ఏం వచ్చిందండీ, ఫ్రిజ్జా అని అడిగాడు. మా అన్న అని చెప్పాను. ఆ తర్వాత అతను బేరమాడలేదు.

అన్న కువైట్‌లో డ్రైవరు. మిరప కోతలు మొదలైనప్పుడు అక్కడే పోయాడు. కాగితాలన్నీ తెమిలి అతను వినుకొండ చేరేసరికి కోతలైపోయి కల్లాలు ఖాళీ అయ్యాయి. మాలో పెట్టెతో పూడ్చరు. మసీదులో ఉండే జనాజా మంచం మీద మోసుకెళ్లి, కఫన్ గుడ్డతో మట్టిలో దించి, మంచాన్ని మళ్లీ మసీదులో పెడతారు. మా పేటంతటికీ ఆ ఒక్కటే మంచం. అన్ననూ అలాగే దించాం. విమానంలో వచ్చిన పెట్టె మాత్రం ఇంటి ముందు మిగిలిపోయింది. పక్కింటి వడ్రంగి చెక్క మంచిదన్నాడు, బీరువా చేసిపెడతానన్నాడు. అమ్మ దాని మీద అతన్ని చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. అది కువైట్ మసీదువాళ్లదని ఆమె నమ్మకం.

"మన పని అయిపోయింది గదరా, వాళ్లది వాళ్లకు పంపవేం?"

"తిరిగివ్వక్కర్లేదమ్మా. మనకే వదిలేశారు."

"అన్ని పుస్తకాలు చదివావు, ఏం లాభం. అక్కడ ఇంకో తల్లి బిడ్డ దేంట్లో వస్తాడ్రా?"

ప్రతి శుక్రవారం ఆమె దాన్ని తడిగుడ్డతో తుడిచేది. ఎవరైనా కువైట్ వెళుతున్నారని తెలిస్తే వాళ్లింటికి వెళ్లి, సామాన్లతోపాటు దీన్నీ తీసుకెళతారా అని అడిగేది. వాళ్లు టీ ఇచ్చి, విమానంలో పట్టదని సర్దిచెప్పి పంపేవారు. ఎరువు తెచ్చిన వస్తువు ఇంట్లో పెట్టుకుని తను పోకూడదని ఒకసారి నాతో అంది. ఆ మాటలో దిగులుకన్నా మొహమాటమే ఎక్కువ వినిపించింది.

రెండేళ్లకు పక్కవీధి అతని శవం కువైట్ నుంచే వచ్చింది. అమ్మ చూడటానికి వెళ్లింది, వెంట నేనూ వెళ్లాను. అందరూ ఏడుస్తుంటే ఆమె ఆ కొత్త పెట్టె పక్కన నిలబడి మూలలు తడిమి చూసింది. ఇంటికొచ్చి కూర్చున్నాక అంది.

"వాళ్ల దగ్గర ఇవి చాలా ఉన్నట్టున్నాయిరా."

పెట్టె సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడు ఎండల్లో తనూ పోయింది. ఆమె పోయాక చాలా ఎండాకాలాలు గడిచాయి. మా పేట నుంచి ఇంకా కువైట్ వెళుతూనే ఉన్నారు. మా ఇంటి నుంచి వాళ్లను అడగడానికి ఇప్పుడెవరూ వెళ్లడం లేదు.