టేబుల్ ఫ్యాన్

అబర్డీన్ బజార్ బట్టల కొట్టు ఆవిడ గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెలుగువాళ్ళే అయినా, ఊరంతా హిందీ కావడంతో ఆవిడ కూతురు ఎక్కువగా హిందీయే మాట్లాడేది. అలాంటి పిల్లలకు తెలుగు ఎలా అబ్బుతుందన్నది నా పరిశోధన. వారం వారం వాళ్ళింటికెళ్ళి ఆ పిల్ల మాటలు రికార్డు చేసేదాన్ని. తప్పులు దిద్దితే పరిశోధన చెడుతుందని దిద్దేదాన్ని కాదు.

నేను మైకు తీయగానే ఆవిడ టేబుల్ ఫ్యాన్ ఆపేసేది. చప్పుడు నాకు అడ్డమట. రవిక తడిసిపోతున్నా కదలకుండా కూర్చునేది.

నేర్పడానికి రాలేదని మొదట్లో ఒకసారి చెప్పాను. "అచ్ఛా దీదీ" అంది. మళ్ళీ చెప్పలేదు నేను.

చివరి రోజున కూతుర్ని ముందుకు తోసింది. "దీదీకి దండం పెట్టు బేటీ. ఏడాదంతా ఇంటికొచ్చి మరీ తెలుగు నేర్పింది కదా!"

పిల్ల దండం పెట్టి, మొదటి రోజు తప్పులతోనే ఏదో చెప్పింది. నేను తలెత్తలేకపోయాను. ఆవిడ మురిసిపోతూ ఫ్యాన్ వేసి, నా వైపు తిప్పింది.