క్రాంజి గోడ మీద తాతయ్య పేరు

మా నాన్నకు తండ్రి ముఖం తెలియదు. ఆయన ఇంకా కడుపులో ఉండగానే, రెండో ప్రపంచ యుద్ధంలో, తాతయ్య తెల్లవాళ్ల సైన్యంలో చేరి ఓడెక్కాడు. అది సరుకుల ఓడ. సరుకు నింపే చోటే మనుషుల్ని పడుకోబెట్టి, యుద్ధనౌకల కాపలాలో మరికొన్ని ఓడలతో వరసగా సింగపూర్ పంపారు. దారిలో బాంబులు పడి అది మునిగిపోయింది. వెనక ఓడలో ఉన్న పొరుగూరి మనిషి ఒకడు యుద్ధం అయ్యాక తిరిగొచ్చి ఈ సంగతి చెప్పాడు. "నీళ్లలో తలలు కనపడ్డాయి. మా ఓడ ఆగలేదు. ఆగకూడదని ఆర్డరు," అన్నాడట. తాతయ్యను మాత్రం తను చూడలేదన్నాడు. ఇంటికొచ్చిన కాగితంలో 'ఆచూకీ తెలియదు' అనే ఉంది.

పన్నెండేళ్లు ఎదురుచూశాక, ఆచారం ప్రకారం దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. పోయిన తిథి తెలియదు కనక ఏటా మహాలయ అమావాస్యనాడు నాన్న పిండం పెట్టేవాడు. ఊళ్లో ఇంకో మాట కూడా ఉండేది: ఈదుకుని ఒడ్డు చేరిన కొందరు ఆ దేశంలోనే పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారని. నాకు సింగపూర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న స్నేహితుడొకాయన, "వెళ్లమ్మా, మీ రెండో నాన్నమ్మ మనవలెవరైనా ఎదురుపడతారేమో చూడు," అని నవ్వాడు. నాన్న నవ్వలేదు.

ఆయన నన్ను కోరింది ఒక్కటే. ఇక్కడ క్రాంజి శ్మశానవాటికలో, యుద్ధంలో పోయి శవం దొరకనివాళ్ల పేర్లు గోడల మీద చెక్కారని ఎక్కడో చదివాడు. తాతయ్య పేరుందేమో చూడమన్నాడు. మేముండే సెంబవాంగ్ నుంచి క్రాంజి రైల్లో నాలుగో స్టేషను. వెళ్లడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

వెళ్లింది కూడా మధ్యాహ్నం ఎండలో, ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని. గోడలు చాలా ఉన్నాయి. ఒక్కో గోడ మీద పై నుంచి కింది దాకా పేర్లే. పేర్ల పుస్తకాలు ఒక పెట్టెలో ఉంచారు. నేను మా ఇంటిపేరు మొదటి అక్షరం తీసి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. బ్యాంకులో రోజూ నింపే ఫారాల్లో ఇంటిపేరుదే మొదటి గడి. నాకింకో రకంగా వెతకాలని తోచలేదు. పాప చెయ్యి పట్టుకు లాగి, బడిలో నేర్చిన సింగపూర్ ఇంగ్లీషులో అంది.

"అమ్మా, సో హాట్ లా. ఇన్ని నేమ్స్, కెనాట్ ఫినిష్ వన్."

పుస్తకం మూసేశాను. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను.

"లేదు నాన్నా."

"అంతా చూశావా తల్లీ?"

"అంతా చూశాను."

"అయితే బతికున్న మనిషికి పిండం పెడుతూ వచ్చానన్నమాట," అన్నాడు. కొన్ని పేర్లు తప్పిపోయి ఉండొచ్చు అన్నాను. "తెల్లవాళ్లు అలాంటివి తప్పిపోనివ్వరమ్మా," అన్నాడు.

ఆ ఏటి నుంచి తర్పణాలు మానేశాడు. తండ్రి తల్లినీ తననూ వదిలేసి వెళ్లాడనే నమ్మాడు. మళ్లీ ఒకసారి క్రాంజి వెళ్లి చూడవచ్చునని నాకు తెలుసు. అక్కడ పేరు కనపడితే, మొదటిసారి సరిగా చూడలేదని ఒప్పుకోవాలి. అందుకని వెళ్లలేదు. నాన్న ఇంకో నాలుగేళ్లు బతికి, అదే నమ్మకంతో పోయాడు. అది జరిగి మూడేళ్లయింది.

పోయిన నెల ఆదివారం గుడిలో, ప్రసాదం వరసలో నా ముందు ఒక శ్రీకాకుళం అతను నిలబడ్డాడు. ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. మెడలో యార్డు పాసు వేలాడుతోంది. దాని మీద ఒక్కటే పేరుంది. ఇంటిపేరు వెయ్యలేదేమని అడిగాను.

"నన్నెవులడిగినారక్కా? పాస్‌పోర్టప్పుడు నీ పేరేటన్నారు, సెప్పినాను. ఇంటిపేరు ఇంటికాడే ఉండిపోనాది," అని నవ్వాడు. "యార్డులో ఇదే పేరుతో ముగ్గురం మావోలమే. వన్, టూ, త్రీ అని పిలుస్తాడు ఫోర్‌మన్. నాను టూ అక్కా."

నేను ప్రసాదం తీసుకోకుండానే వరసలోంచి బయటికొచ్చాను. సైన్యంలో చేర్చుకునేవాళ్లు తాతయ్యనూ పేరే అడిగి ఉంటారు. పల్లెటూరి మనిషి పేరే చెప్పి ఉంటాడు.

అటు నుంచటే క్రాంజి వెళ్లాను. ఆ పుస్తకాల్లోనే, ఇంటిపేరు కింద కాదు, తన పేరు కింద ఉన్నాడు తాతయ్య. పక్కన మా ముత్తాత పేరు, మా ఊరు, జిల్లా. తర్వాత 'ఫలానా ఆమె భర్త' అని మా నాన్నమ్మ పేరు. ఆ తర్వాత పోయిన తేదీ. పుస్తకంలో ఇచ్చిన అంకె పట్టుకుని గోడ దగ్గరికి వెళితే అక్కడా ఉన్నాడు, నా తల కంటే కాస్త ఎత్తులో.

అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. పుస్తకంలో ఉన్నది చదివాను.

"అత్తయ్య పేరు కూడానా?" అంది అమ్మ. "మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"మరి అప్పుడు నువ్వు వెళ్లావు కదా. ఎంతసేపు చూశావు?"

"పది నిమిషాలు ఉంటుందేమో."

అవతల నుంచి వంటింట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. కొళాయి కట్టేసింది.

"తర్పణాలు మానేశాక, మహాలయ అమావాస్యలకి మీ నాన్న మామూలుగా పొద్దున్నే ఇడ్లీ తిని, రాత్రి అన్నం తినేవారు. ఇలా తినకూడదేమోనండీ అంటే, ఎవరి కోసం మానాలి అనేవారు. నేనే వడ్డించాను."

క్షమించమని అడిగే మాట నోటిదాకా వచ్చింది కానీ, అది అమ్మను అడగాల్సింది కాదు.

"మీ అన్నయ్యకి ఆ తేదీ పంపు," అంది చివరికి. "తిథి చూపించుకుంటాడు, ఈ ఏడు నుంచి వాడు పెడతాడు. పది నిమిషాల సంగతి మాత్రం వాడితో అనకు. వాడు నీలా కాదు, మనసులో పెట్టుకుంటాడు."

తేదీ పంపాను. రైలెక్కాక పది నిమిషాల సంగతీ రాసి పంపాను. తేదీకి వెంటనే జవాబిచ్చాడు, పంతులుగారిని కనుక్కుంటానని. రెండోది చదివినట్టు కనపడుతోంది. దానికి ఇంకా ఏమీ రాయలేదు.